ఊరి వయసు ఎంత? బెంగళూరు శివారులో ఒక పాటిదిబ్బ కేస్ స్టడీ

బెంగళూరు తూర్పు శివారులో, హోసకోటె వైపు పోయే దారికి కాస్త లోపలగా ఒక ఊరుంది. పేరు చెప్పను. ఊరిని గుర్తుపట్టించే ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను. పాత ఇళ్లలో సగానికి పైగా తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో కన్నడ చదువుతారు, చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లవాళ్లతో హిందీలో నెట్టుకొస్తారు. గుడి జీర్ణోద్ధారణ ముగిశాక కమిటీవాళ్లు ముఖద్వారం పక్కన ఒక గ్రానైట్ ఫలకం పెట్టాలనుకున్నారు. నాలుగు వాక్యాల్లో ఊరి చరిత్ర, పైన పెద్ద అక్షరాల్లో ఊరి వయసు. రాయి నునుపు చేసి సిద్ధంగా ఉంది. అంకె దగ్గరే పని ఆగిపోయింది.

ఆగడానికి కారణం అంకె లేకపోవడం కాదు, మూడు ఉండటం. గుడి ఆవరణలో నిలబెట్టిన వీరగల్లు (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) మీది లిపి గంగరాజుల కాలానిది, 9 లేదా 10వ శతాబ్దం. దాని ప్రకారం ఊరికి పదకొండు వందల ఏళ్లు. పెద్దింటి రెడ్ల కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకునే కథ వేరు. 1565లో విజయనగరం పడిపోయాక పూర్వీకులు పెనుకొండ వైపు నుంచి దిగివచ్చి, అడవి కొట్టి, చెరువు తవ్వించి, ఊరు కట్టారు. మూడోది ఒక ప్రైవేటు ల్యాబ్ ఇచ్చిన రేడియోకార్బన్ రిపోర్టు. మురుగు కాలువ తవ్వినప్పుడు అడుగున దొరికిన బొగ్గు ముక్కను ఊరి కుర్రాళ్లు చందాలు వేసుకుని పరీక్షకు పంపారు. రెండు వేల ఏళ్ల పైమాటే అని వచ్చింది. ఏ అంకె సరైందో తేల్చమని నన్ను పిలిచేనాటికే ఆ కాగితానికి లామినేషన్ చేయించి కమిటీ గదిలో తగిలించారు.

కుర్రాళ్ల ఉత్సాహాన్ని తప్పుపట్టలేం. పక్కనే కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల ప్రతి ఊరికీ తన బొగ్గు మీద ఆశ పుట్టింది.

ముందు ఏం చూశాం

ఊరు ఒక దిబ్బ మీద ఉంది. గ్రామఠాణా అని రికార్డుల్లో రాసే భాగమంతా చుట్టూ ఉన్న పొలాలకన్నా నిలువెత్తు పైన ఉంటుంది. ఒకే చోట తరాల తరబడి మట్టి ఇళ్లు కట్టి, కూలి, ఆ మట్టినే చదును చేసి మళ్లీ కడితే నేల అలా లేస్తుంది. అలాంటి పాటిదిబ్బలో ఊరి కాలక్రమం పొరలు పొరలుగా ఉండాలి. కానీ ఇక్కడ దిబ్బలో చాలా భాగం పోయింది. ఒకప్పుడు రైతులు పాటిమన్ను బళ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలుకునేవారు. ఇప్పుడు పొలాల్లో ఎక్కడ కాలు పెట్టినా కుండపెంకులే. కమిటీ కార్యదర్శి వాటిని చూపించి, ‘ఊరు ఒకప్పుడు ఇంత పెద్దది మేడమ్, ఇదంతా పట్నమే’ అన్నారు. పొలంలో పెంకు ఉన్నంత మాత్రాన అక్కడ ఇల్లు ఉందని కాదు. ఎరువుతో వచ్చిన పెంకులు చిన్నవిగా, అంచులు అరిగి, పొలమంతా సమానంగా పరుచుకుని ఉంటాయి. ఇల్లున్న చోటివి పెద్దవిగా, అంచులు పదునుగా, ఒకే చోట కుప్పగా ఉంటాయి. ఈ తేడా తర్వాత మాకు బాగా పనికొచ్చింది.

తవ్వకం మా చేతుల్లో లేదు. లైసెన్సు లేకుండా పురావస్తు తవ్వకం చేయడానికి చట్టం ఒప్పుకోదు, అది మంచిదే. నేను ఒక విశ్వవిద్యాలయ బృందంతో కలిసి పనిచేశాను. మురుగు కాలువ కోసం అప్పటికే దిబ్బ పడమటి అంచు తెగి ఉంది. ఆ కోత గోడను శుభ్రం చేసి, పొరలు గీసుకుని, నమూనాలు తీసుకోవడానికి బృందానికి అనుమతి వచ్చింది. అంటే దిబ్బ మొత్తంలో మేం చూసింది కొన్ని మీటర్ల పొడవున్న ఒక్క గోడ. చివర్లో కమిటీతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి నేను పదే పదే చెప్పాల్సి వచ్చింది.

పని మొదలుకాకముందే ఒక నిర్ణయం తీసుకున్నాం. ‘ఊరి వయసు ఎంత’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, దాని బదులు ఏయే సంఘటనలకు తేదీ కావాలో రాసుకున్నాం. వీరగల్లు చెక్కింది ఎప్పుడు, అది గుడి దగ్గరికి వచ్చింది ఎప్పుడు, చెరువు కట్ట వేసింది ఎప్పుడు, ఈ దిబ్బ మీద మొదటి ఇల్లు లేచింది ఎప్పుడు. ఈ నాలుగూ ఒకటేనని అందరూ అనుకోవడం వల్లే మూడు అంకెలు కొట్టుకుంటున్నాయి. మహానగరానికే ఈ చిక్కుంది. 1537లో కెంపేగౌడ బెంగళూరును కట్టాడని బడి పుస్తకాలు చెబుతాయి. బేగూరు గుడిలో ఉన్న 9వ శతాబ్దపు శాసనంలో బెంగళూరు యుద్ధం ప్రస్తావన అప్పటికే ఉంది. రెండూ నిజమే. ఒకటి కోట కట్టిన సంగతి, ఇంకోటి ఆ పేరుతో ఒక ఊరుండిన సంగతి.

రెండు వేల ఏళ్ల బొగ్గు

రిపోర్టుతోనే మొదలుపెట్టాం. అందరూ నమ్ముతున్నది దాన్నే. అందులో ఉన్న అంకె 2100 బీపీ. బీపీ అంటే 1950 నుంచి వెనక్కి లెక్క, అది కూడా సరిదిద్దని లెక్క. వాతావరణంలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకే మోతాదులో లేదు కాబట్టి చెట్ల వలయాల ఆధారంగా తయారైన సవరణ రేఖతో దాన్ని పోల్చాలి. పోల్చితే సుమారు క్రీ.పూ. 200–50 మధ్య వస్తుంది. కాబట్టి అంకెలో పెద్ద తేడా లేదు. ల్యాబ్ ఇచ్చిన నాణ్యతా వివరాలు కూడా చూశాం, అనుమానించాల్సింది కనబడలేదు.

అయితే ఆ తేదీ దేనిది? రేడియోకార్బన్ చెప్పేది ఆ చెక్క చెట్టులో పెరిగిన కాలం. దాన్ని కాల్చింది ఎప్పుడో, ఆ బొగ్గు ఈ పొరలోకి చేరింది ఎప్పుడో చెప్పదు. ముసలి చెట్టు నడిమి చెక్క అయితే నిజమైన కాలం కంటే ఒకటి రెండు వందల ఏళ్లు వెనక్కి చూపించవచ్చు. ఇక్కడ తేడా అంతకంటే చాలా పెద్దదని మాకు అనుమానం రావడానికి కారణం, అదే పొర కింద దొరికిన ఒక పింగాణీ పెంకు. తెల్లని మట్టి మీద నీలి రంగు గీతలు, చైనాది. ఆ రకం పింగాణీ పెద్ద ఎత్తున తయారై బయటి దేశాలకు పోవడం 14వ శతాబ్దంలో మొదలైంది. హంపిలో అలాంటివి దొరికాయి. 14వ శతాబ్దపు వస్తువు మీద పేరుకున్న పొర క్రీస్తు పూర్వానిది ఎలా అవుతుంది?

ఒక్క పెంకును చూసి తీర్పు చెప్పకూడదు. ఎలుక బొరియలోంచో, పాతర గుంటలోంచో కిందికి జారి ఉండవచ్చు. అందుకే ఆ చోటు చుట్టూ గోడను మరింత నున్నగా చెక్కి చూశాం. గుంట అంచు కనబడలేదు. పెంకు బల్లపరుపుగా పడి ఉంది. ఆ పైనున్న పొర మీద దిమ్మిస కొట్టి అలికిన నేల ఎక్కడా పగలకుండా సాగుతోంది. జారి వచ్చే దారే లేదు.

ఇక మిగిలింది బొగ్గున్న పొర. బూడిద రంగులో, పిండిలా మెత్తగా, రాళ్లు లేకుండా ఉంది. ఇళ్లు కూలిన మట్టి అలా ఉండదు. అందులో గడ్డి ముక్కలు, సున్నం, పెంకులు, ఎముకలు గజిబిజిగా ఉంటాయి. ఈ పొరలో నీటి నత్తల గుల్లలున్నాయి. ఉన్న కొద్ది పెంకుల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. చెరువు నడుమ నుంచి తీసిన పూడికతో పక్కపక్కన పెట్టి చూస్తే రంగు, రేణువుల సైజు, గుల్లలు అన్నీ ఒకటే. అంటే ఎవరో చెరువులో పూడిక తీసి, ఇళ్లు కట్టడానికి మెరక వేసుకున్నారు. ఆ పూడికలో ఎప్పుడో ఎగువ నుంచి వానకు కొట్టుకొచ్చిన పాత బొగ్గు ఉంది.

ఇక్కడ రెండు సంగతులు తేలాయి. ఒకటి, లామినేట్ చేసిన రిపోర్టు ఈ దిబ్బ తేదీ కాదు. రెండోది నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఇళ్ల కింద చెరువు పూడిక ఉందంటే, ఆ ఇళ్లకంటే ముందే చెరువు ఉంది. ఉండటమే కాదు, పూడిక తీయాల్సినంత పాతబడింది కూడా. పనికిరాదని తేలిన పొరే చెరువుకూ ఊరికీ మధ్య వరస చెప్పింది. దీన్ని వేరే దారిలో సరిచూడాలనుకున్నాం.

వీరగల్లు

రాయి మీది లిపిని చదవడంలో పెద్ద వివాదం లేదు. కాగితం అద్ది ముద్ర తీశాం, త్రీడీ స్కాన్ కూడా చేయించాం. పశువుల దొంగలతో పోరాడి చచ్చిపోయిన ఒకడి జ్ఞాపకార్థం నిలిపిన రాయి. అక్షరాల తీరును బట్టి 9వ శతాబ్దం చివర లేదా 10వ శతాబ్దం. లిపిని బట్టి కట్టే తేదీకి అటో యాభై ఇటో యాభై ఏళ్ల వెసులుబాటు ఉంచాలి. రాజు పేరో శక సంవత్సరమో ఉంటే తప్ప అంతకంటే సన్నగా చెప్పడం ధైర్యమే అవుతుంది గానీ విద్య కాదు. ఈ శాసనంలో ఆ రెండూ లేవు. బి.ఎల్. రైస్ 1905లో అచ్చువేసిన బెంగళూరు జిల్లా శాసనాల సంపుటం మొదలుకొని, ఈమధ్య హెబ్బాళలో బయటపడిన 8వ శతాబ్దపు కిత్తయ్య వీరగల్లు దాకా పోల్చడానికి మంచి ఆధారాలున్నాయి కాబట్టి శతాబ్దం విషయంలో మాకు సందేహం లేదు.

సందేహమల్లా చోటు గురించి. వీరగల్లు అడుగుభాగం చెక్కకుండా గరుకుగా వదిలేస్తారు, అది భూమిలో పాతడానికి. ఇక్కడ ఆ గరుకు భాగం సిమెంటు గద్దె పైన అడుగున్నర మేర బయటికి కనబడుతోంది. రాయి మీద పాత మట్టి గీత ఒకటుంది, దానికీ ఇప్పటి నేలకూ పొంతన లేదు. రాయి ఎక్కడి నుంచో వచ్చింది.

ఎక్కడి నుంచో కమిటీలో ఎవరికీ తెలియదు. కమిటీలో ఉన్నవాళ్లంతా మగవాళ్లు, అందులో సగం మంది పట్నంలో ఉద్యోగాలు చేసినవాళ్లు. పశువులు కాచినవాళ్లను అడగాలనిపించింది. మేకలు మేపే ఒక అవ్వ వెంటనే చెప్పింది: ‘ఆ రాయి కుంట కాడి దిన్నె మీద ఉండె. మా అత్త కాలంలో బండిమీద తెచ్చి గుడి కాడ పెట్టినారు. ఆ చేనును ఇప్పటికీ వీరగల్లు చేను అంటాం కదమ్మా.’ పాత పహణీల్లో చూస్తే ఆ పేరు నిజంగానే ఉంది. ఊరికి కిలోమీటరు పైన, ఒక చిన్న కుంట పక్కన. అక్కడ నడిచి చూశాం. పెంకులు పెద్దవి, అంచులు పదును, ఒక మూలన గుంపుగా ఉన్నాయి. ఎరువుతో వచ్చినవి కావు. ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం గడ్డలు కూడా కొన్ని ఉన్నాయి. గంగల కాలపు పల్లె అక్కడిది. వీరగల్లు వయసు ఆ పల్లెకు చెల్లుతుంది.

ఆ పల్లె ఎప్పుడు, ఎందుకు పాడుపడిందో నేల మీద నడిచి చెప్పలేం. చోళులు గంగవాడిని గెలిచిన 11వ శతాబ్దం మొదట్లో జరిగిందేమో అని బృందంలో ఒకరన్నారు. రాజు మారితే పల్లె ఖాళీ అవుతుందని అనుకోవడం చరిత్ర పుస్తకాలు నేర్పిన అలవాటు. రిపోర్టులో దాన్ని రాయనివ్వలేదు.

చెరువు కట్ట

చెరువుకు తేదీ కట్టడానికి ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ లూమినెసెన్స్) పద్ధతి ఎంచుకున్నాం. మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు చుట్టూ ఉన్న స్వల్ప రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని కొద్దికొద్దిగా నిలవ చేసుకుంటాయి. ఎండ తగిలితే ఆ నిలవ ఖాళీ అవుతుంది, చీకట్లో మళ్లీ నిండటం మొదలవుతుంది. ఎంత నిండిందో కొలిచి, ఏటా ఎంత చొప్పున నిండుతుందో లెక్కగడితే, ఆ రేణువు చివరిసారి వెలుగు చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. బ్యాటరీ లాంటిదే అని ఊళ్లో వివరిస్తే అందరికీ పట్టుబడింది.

తూము మరమ్మతు కోసం కట్టను ఒక చోట తెగ్గొట్టి ఉండటం మా అదృష్టం. మొదటి నమూనాలు కట్ట నడిగర్భం నుంచి తీశాం. ఫలితాలు చెల్లాచెదురుగా వచ్చాయి. ఒకే నమూనాలోని రేణువుల మధ్య వేల ఏళ్ల తేడా. కారణం ఆలోచిస్తే తేలిగ్గానే దొరుకుతుంది. కట్ట వేసేటప్పుడు బంకమట్టిని గడ్డలుగా తవ్వి, తట్టల్లో మోసి, అలాగే పోసి తొక్కుతారు. గడ్డ లోపలి రేణువులకు ఎండ తగలదు. పాత నిలవ అలాగే ఉండిపోతుంది. ఆ రేణువులను అడిగితే అవి కట్ట సంగతి చెప్పవు, అంతకు ముందెప్పుడో అవి భూమిలో చేరిన సంగతి చెబుతాయి.

కట్టలోని మట్టి బదులు కట్ట కింద పూడిపోయిన పాత నేలను పట్టుకుంటే? కట్ట వేయకముందు అది మామూలు పొలమో బీడో. వానకు, గాలికి, నాగలికి, చీమలకు పై అంగుళాల్లోని రేణువులు తరచూ ఎండకు వస్తూనే ఉంటాయి. కట్ట పడిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది. కోత అడుగున ఆ పాత నేల కాస్త నల్లగా, వేర్ల గుర్తులతో చక్కగా కనబడింది. నల్ల గుడ్డ కప్పుకుని, ఉక్కు గొట్టం అడ్డంగా కొట్టి నమూనా తీశాం. ఈసారి రేణువులు ఒక్కమాట మీద నిలబడ్డాయి. 13–14 శతాబ్దాలు.

ఆ అంకెకూ షరతులున్నాయి. మట్టిలోని నీరు రేడియోధార్మికతను కొంత అడ్డుకుంటుంది. సగటు తేమ అంచనాలో ఒక శాతం తేడా వస్తే వయసులో కూడా సుమారు ఒక శాతం తేడా వస్తుంది. చెరువు కట్ట కింది నేల నిండు చెరువు రోజుల్లో తడిసి ముద్దవుతుంది, ఎండిన ఏళ్లలో ఆరిపోతుంది. ఏడు వందల ఏళ్ల సగటు తేమ ఎంత? మేం తక్కువ తేమ, ఎక్కువ తేమ రెండూ పెట్టి లెక్కించి, ఆ మొత్తం వెడల్పును రిపోర్టులో ఉంచాం. కట్ట అంతకంటే ముందుది కాదన్నది ఒక హద్దు. ఇళ్ల కింద చెరువు పూడిక ఉంది కాబట్టి, మొదటి ఇంటి తేదీ దొరికితే రెండో హద్దు వస్తుంది.

ఉలవగింజలు

దిబ్బలోని కుండపెంకుల మీద మేం పెద్దగా ఆధారపడలేదు. ఇనుప యుగపు నలుపు-ఎరుపు పాత్రల నుంచి క్రీస్తు శకం మొదటి శతాబ్దాల దాకా దక్కన్‌లో పెంకుల వరస బాగా తెలుసు. 1947లో చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరి తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ వేసిన పునాది అది. ఆ తర్వాతి కాలానికి వచ్చేసరికి పండితుల చూపంతా గుళ్ల మీదా శాసనాల మీదా నిలిచిపోయింది. పల్లెల్లో వాడిన వంటకుండలను వరసగా పేర్చి ప్రచురించినవారు తక్కువ. 12వ శతాబ్దపు కుండ మూతికీ 16వ శతాబ్దపు కుండ మూతికీ తేడా ఖచ్చితంగా చెప్పగలనని ఎవరైనా అంటే నేను రెండోసారి అడుగుతాను. మా పెంకులు చెప్పిన ఒక్క ముఖ్యమైన మాట, లేకపోవడం ద్వారా చెప్పింది: కోత గోడలో అడుగున ఎక్కడా నలుపు-ఎరుపు పాత్రలు లేవు. అవి ఊరికి వాయవ్యంగా ఉన్న గట్టు మీద, ఇనుప యుగపు సమాధుల చుట్టూ పేర్చిన రాతి వలయాల దగ్గర మాత్రమే దొరికాయి.

అందుకని మళ్లీ రేడియోకార్బన్ వైపే వెళ్లాం. ఈసారి ఏది పంపాలన్నది ఆచితూచి ఎంచుకున్నాం. నమూనాకు మూడు లక్షణాలు ఉండాలనుకున్నాం: ఒకటి రెండు ఏళ్లకంటే ఎక్కువ బతికేది కాకూడదు, కాలినచోటే ఉండాలి, పైన చెక్కుచెదరని నేల మూత ఉండాలి. పూడిక మెరక మీద వేసిన మొదటి అలికిన నేలలో ఒక పొయ్యి, ఆ పైన బూడిద పొర, దాని మీద రెండో నేలలో ఇంకో పొయ్యి ఉన్నాయి. రెండు పొయ్యిల మట్టినీ నీళ్లలో వేసి తేల్చి, సన్న జల్లెడ పట్టాం. మాడిన రాగులు, ఉలవలు దొరికాయి. గింజ ఒక్క పంటకాలపుది. దాని తేదీకీ అది మాడిన తేదీకీ ఏడాదో రెండేళ్లో తేడా. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ పద్ధతికి కొన్ని మిల్లీగ్రాముల కార్బన్ చాలు కాబట్టి కొద్దిపాటి గింజలతోనే పని జరిగిపోతుంది.

కింది పొయ్యి గింజల అంకె 430 బీపీ దగ్గర, పై పొయ్యిది 340 బీపీ దగ్గర వచ్చాయి. కిందిది సవరిస్తే ఎక్కువ వాటా 15వ శతాబ్దంలో పడుతుంది, 1600 ప్రాంతంలో చిన్న అవకాశం మిగులుతుంది. పైది 1470 నుంచి 1640 దాకా సాగుతుంది. ఆ కాలంలో సవరణ రేఖ మెలికలు తిరుగుతుంది, ఒకే అంకెకు రెండు మూడు చోట్ల పోలిక దొరుకుతుంది. విడివిడిగా చూస్తే పై తేదీ విజయనగరం పడిపోవడానికి ముందో తర్వాతో కూడా చెప్పలేం. కానీ కింది నేల ముందు, పై నేల తర్వాత అన్నది గోడలో కళ్లకు కనబడే నిజం. ఆ వరసను కూడా లెక్కలో కలిపితే కిందిదానికి 1600 అవకాశం దాదాపు కరిగిపోయింది. మొదటి ఇంటి నేల 15వ శతాబ్దానిది అని రాయడానికి అప్పుడు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు కట్టకు రెండు హద్దులూ కుదిరాయి. 13–14 శతాబ్దాల కంటే ముందుది కాదు, 15వ శతాబ్దంలో మెరక వేసేనాటికి పూడిక చేరినంత పాతది. పింగాణీ పెంకు కూడా ఆ సందులోనే సరిగ్గా ఇమిడింది. వేరువేరు దారుల్లో వచ్చిన మూడు సాక్ష్యాలు ఒక్కచోట కలవడం ఈ వృత్తిలో తరచూ జరగదు.

పై పొరల గురించి కొంచెమే. మూడో నేల మీద ఏనుగు బొమ్మ ఉన్న టిప్పు కాలపు రాగి పైసా దొరికింది. అంటే ఆ నేల 1782 తర్వాత కూడా వాడుకలో ఉంది, అంతే. పాత నాణేలు దశాబ్దాలు చేతులు మారతాయి. ఆ మూడో నేల మీద కుండపెంకులేవీ లేని పలచని ఒండ్రు, దాని మీద మంగళూరు పెంకుల గుట్ట. ఆ పెంకుల మొదటి ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ 1865లో పెట్టింది కాబట్టి గుట్ట ఆ తర్వాతది. నడుమ ఉన్న ఖాళీ పొరను 1876–78 కరువుతో ముడిపెట్టాలని అందరికీ మనసయింది. మైసూరు సంస్థానంలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన కరువు అది. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం బెంగళూరు మీద పడిన కాలం కూడా అంతే బాగా అతుకుతుంది. 1650 తర్వాతి కాలాన్ని విడదీయడం రేడియోకార్బన్‌కు చేతకాదు. పైగా మేం చూసింది ఒక ఇంటి మూల. రిపోర్టులో ‘ఈ చోట ఒక ఇల్లు కొంతకాలం పాడుపడి ఉంది’ అని రాశాం.

కమిటీ ముందు

అంకెలు తేల్చడం కంటే చెప్పడం కష్టమైంది. పెద్దింటి రెడ్డిగారు చివరి దాకా మాట్లాడకుండా విని, ‘చూడమ్మా, ఆ చెరువు మా పెద్దోళ్లు తవ్విచ్చింది. కట్ట పూజలో ఈ పొద్దుకీ మొదటి టెంకాయ మా ఇంటిదే. నువ్వొచ్చి అంతకు ముందే ఉందంటే ఎట్ల?’ అన్నారు.

ఆయనకు మర్యాద కోసం అబద్ధం చెప్పలేను. అలాగని ఆ కథ కల్పన అని చెప్పడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు. తూము దగ్గరి కోతలో ఒక విషయం చూపించాను. కట్ట ఒకేసారి వేసింది కాదు. కింది భాగం ఒక రంగు మట్టి, పైన మరో రంగు మట్టితో ఎత్తు పెంచి, లోపలివైపు రాతి కట్టడం పేర్చారు. పై భాగం కచ్చితంగా తర్వాతది. ఎప్పటిదో తెలియదు. గడ్డల మట్టి కావడంతో ఓఎస్ఎల్ అక్కడ కూడా పలకలేదు. తెగిపోయిన చెరువును తిరిగి నిలబెట్టినవాళ్లను ఊరు ‘తవ్వించినవాళ్లు’ అని గుర్తుపెట్టుకోవడం ఈ ప్రాంతంలో వింత కాదు. అది మీ పెద్దలే అయివుండవచ్చు, కాదని మట్టి చెప్పడం లేదు అన్నాను. ఆయన సంతోషపడలేదు. కానీ మర్నాడు కట్ట మీదికి వచ్చి ఆ రెండు రంగుల హద్దును చాలాసేపు చూసి, రాతి కట్టడం ఎత్తు కర్రతో కొలుచుకుని వెళ్లారు.

15వ శతాబ్దంలో ఆ దిబ్బ మీద రాగిసంకటి వండుకున్నవాళ్లు తెలుగువాళ్లా, కన్నడిగులా, తమిళులా అని కూడా అడిగారు. మాడిన ఉలవల్లో భాష ఉండదని చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రశ్న వెనక ఇప్పటి రాజకీయం ఉంది, దానికి నా రిపోర్టు వాడుకోవద్దని రాతపూర్వకంగా కూడా ఇచ్చాను.

కుర్రాళ్లతో మాట్లాడటం తేలికైంది. వాళ్ల రిపోర్టు పారేయాల్సింది కాదని చూపించాను. రెండు వేల ఏళ్ల కింద ఈ చెరువు ఎగువ ప్రాంతంలో ఎక్కడో చెట్టు కాలింది. మనిషి కాల్చాడా, అడవి అంటుకుందా చెప్పలేం, కానీ ఎగువన ఉన్నది రాతి వలయాల గట్టే. వెతకాల్సింది అక్కడ.

ఇలాంటి పని ఇప్పుడు మరో ఊరి నుంచి వస్తే నేను వాళ్లను మొదట అడిగేది రాళ్లను, బొగ్గును ముట్టుకోవద్దని, ఎక్కడ తవ్వినా ఫోన్‌లో కోత గోడ ఫొటో తీసి పెట్టమని. పరీక్షకు డబ్బు చివర్లో ఖర్చు పెట్టాలి. మేం వాడిన డబ్బులో పెద్ద భాగం ఓఎస్ఎల్‌కు పోయింది, అందులోనూ కట్ట గర్భం నుంచి తీసిన నమూనాలకు. కట్ట కింది నేలకు ముందే వెళ్లి ఉంటే మరో పొయ్యికి తేదీ తెప్పించుకునేంత మిగిలేది. కానీ గర్భం నమూనాలు చెదిరిపోవడం చూశాకే మట్టి గడ్డలుగా పోశారని రూఢి అయింది. కాబట్టి ఆ ఖర్చు పూర్తిగా వృథా అనను.

ఫలకం మీద చివరికి ఒక్క వయసు రాయలేదు. గట్టు మీద ఇనుప యుగపు సమాధులు, కుంట పక్కన గంగల కాలపు పల్లె, 13–15 శతాబ్దాల నడుమ చెరువు, 15వ శతాబ్దం నుంచి ఇప్పటి ఊరు అని నాలుగు వరసలు చెక్కించారు. చెరువును తర్వాత ఎత్తు పెంచి నిలిపిన ఊరి పెద్దలకు నమస్కారం అని రెడ్డిగారి కోరిక మీద అయిదో వరస చేరింది. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. వీరగల్లును పాత చోటికి తరలించాలని బృందం సూచించింది. ఆ చేను చేతులు మారి ఇప్పుడు కాంపౌండు గోడ లోపల ఉంది కాబట్టి రాయి గుడి దగ్గరే ఉంది. దాని పక్కన చిన్న రేకు మీద అసలు చోటు సర్వే నంబరుతో సహా రాయించారు. గట్టు మీద కూడా లేఔట్ రాళ్లు పాతడం మొదలైంది. రాతి వలయాలకు కొలతలు తీసి, మ్యాపు గీసి, పురావస్తు శాఖకు అర్జీ పెట్టే పని కుర్రాళ్లు తీసుకున్నారు. అర్జీ పెట్టారు, జవాబు ఇంకా రాలేదు.